ఖరాదు చిన్నాయిన

కోదాడలో పెద్ద రోడ్డుకు ఎడమ పక్కనున్న రేకుల కొట్టంలో ఆ పొద్దున ఉన్న మనుషులు నలుగురు: మా చిన్నాయిన, నేను, కొట్టం యజమాని, బండి మనిషి. యజమాని జగ్గయ్యపేట వైపు నుంచి వచ్చి ఇక్కడ సోడా ఫ్యాక్టరీ పెట్టి, సాగక మూసేసిన పెద్దమనిషి. బండి మనిషి ఎద్దులను బయట నీడలో కట్టేసి, బేరం తేలేదాకా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఉన్న వస్తువులు: ఖాళీ సోడా సీసాల పెట్టెలు, గోలీలు పోసిన డబ్బా, తుప్పు పట్టిన గ్యాసు సిలిండరు, గోనెపట్టాలు కప్పిన ఖరాదు ఒకటి. నా జేబులో ఇనుప స్కేలు, మందం కొలిచే కాలిపర్స్, పెన్సిలు ముక్క. చిన్నాయిన దగ్గర ఏ పనిముట్టూ లేదు. ఆయనకు చేతులే పనిముట్లు, అవి ఒక్కచోట ఉండవు.

ఖరాదు అంటే ఇనుమునో ఇత్తడినో గిరగిరా తిప్పుతూ, ఉలి ఆనించి గుండ్రంగా చెక్కే యంత్రం. మా సూర్యాపేటలో అందరూ ఆ మాటే అంటారు. హైదరాబాదులో నేను మెకానికల్ డిప్లొమా చదివిన చోట పుస్తకాల్లో లేత్ అని ఉండేది. కోదాడ సరిహద్దు ఊరు. అక్కడ ఖరాదు అనే మాట సగం మందికి తెలియదు.

"ఖరాదు సూపియ్యిండ్రి" అన్నాడు చిన్నాయిన, గడప దాటకముందే.

"ఖరీదు చూపించేదేముందండీ, చెప్పేదే కదా! ముందు సరుకు చూడండి" అన్నాడు యజమాని.

"సరుకే సూస్తనంటున్న. ఖరాదు."

"అదేనండీ బాబూ, సరుకు చూశాకే ఖరీదు."

ఎదుటివాడికి చెవుడని ఇద్దరూ ఒకేసారి అనుకున్నట్టున్నారు. గొంతులు పెరిగాయి. నేను మధ్యలో దూరి "లేత్ అండీ, లేత్ మిషన్" అన్నాను.

"ఓ, లేతా! అలా చెప్పరేం" అని ఆయన గోనెపట్టా లాగాడు.

చిన్నాయిన చనిపోయి ఇప్పటికి నెల కాలేదు. ఆయన ఏ ఏట పుట్టాడు, ఏయే ఊళ్లలో పనిచేశాడు అని వరసగా చెప్పమంటే నా వల్ల కాదు. ఆయన నిలబడే తీరు మాత్రం కళ్లకు కట్టినట్టుంది. ఎడమ కాలు గుంజలాగా చాచి భూమికి పెట్టి, మిగతా ఒళ్లంతా దాని చుట్టూ తిప్పుతుండేవాడు. ఆ మోకాలు వంగదు. మోకాలు పోకముందు ఆయన సూర్యాపేట, మిర్యాలగూడ మధ్య బస్సు నడిపేవాడు. ఒకసారి మూసీ దాటాక బస్సు ఆగిపోతే కింద దూరాడు, జాకీ జారింది. దవాఖానలో మోకాలు అతికించారు గానీ వంచలేకపోయారు. క్లచ్చి తొక్కాల్సిన కాలు అదే. బస్సు యజమాని జాలిపడి మిర్యాలగూడ స్టాండులో టికెట్లు రాసే కుర్చీ ఇచ్చాడు. చిన్నాయిన రెండో రోజే లేచి వచ్చేశాడు. "కూసోని బతుకుడు నాతోని కాదు" అన్నాడు. ఖాకీ చొక్కా మాత్రం విడవలేదు.

ఆయన తొందర సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. అన్నం వడ్డిస్తుండగానే చేయి కడుక్కోవడానికి చెంబు కోసం చూసేవాడు. ఎవరితో మాట్లాడుతున్నా మధ్యలో "ఇగ నడువ్" అనేవాడు, ఎక్కడికీ వెళ్లేది లేకపోయినా. కొత్త వస్తువు ఏది కనిపించినా ముందు వేలి కణుపుతో కొట్టి చెవి పెట్టేవాడు: కుండైనా, మోటారు చక్రమైనా, పెళ్లిచూపులకు వెళ్లినచోట వాళ్ల ఇత్తడి గంగాళమైనా. పలికింది అంటే మంచిది, పలకలేదు అంటే కాదు. అది ఎప్పుడు నిజమయ్యిందో ఎప్పుడు కాలేదో ఆయన లెక్క చూసుకోలేదు.

ఖరాదును కూడా అలాగే కొట్టాడు. తల దగ్గర, నడుం దగ్గర, కాళ్ల దగ్గర. చెవి ఆనించాడు. మొహం వెలిగింది. నేను వంగి కొలిచి, చూసినవి చూసినట్టు చెప్పాను: పని ముక్కను తిప్పే ఇరుసు, అంటే స్పిండిల్, ఊగుతోంది. ఉలి జరిగే పొడుగు దిమ్మె, అంటే బెడ్, ఎడమవైపు అరిగింది. మరలు కోయడానికి కావాల్సిన పళ్ల చక్రాలు లేవు. పని ముక్కను పట్టుకునే పిడికిలిని చక్ అంటారు, దానికి మూడు దవడలుంటే అందులో ఒకటి వేరే చక్‌ది. కంపెనీ పేరున్న పలకను ఎవరో పీకేశారు.

"అయ్యిందా? రోగాలన్నీ సదివినవ్. బతుకుతదా లేదా, గది చెప్పు" అన్నాడు చిన్నాయిన.

"బతుకుతుంది. బోల్టుకు మరలు మాత్రం కోయదు."

"నాకు మరలెవడు అడిగిండు? నాకు బుష్‌లు గావాలె."

ఆయనకు బుష్‌లు ఎందుకో చెప్పాలి. మిర్యాలగూడలో ఒక బియ్యం మిల్లు షావుకారు ఉన్నాడు. మిల్లులో పొడుగాటి షాఫ్టు తిరుగుతుంటే దాన్ని మోసే ఇత్తడి గొట్టాలు బుష్‌లు. అవి అరిగితే బెజవాడ పంపాలి, వచ్చేదాకా మిల్లు ఆగాలి. రోడ్డు మీద పరిస్థితి బాగోలేక, పంపినవి ఎప్పుడొస్తాయో కూడా తెలియని రోజులవి. "వడ్లు రాకముందు ఒక్క బుష్ చేసి తే. నా షాఫ్టుకు సరిపోయిందంటే మిల్లు పనంత నీదే. లేకపోతే నేనే ఖరాదు తెప్పిచ్చుకొని ఓ మనిషిని పెట్టుకుంట" అన్నాడు షావుకారు. ఆ మాట పట్టుకుని చిన్నాయిన ఇంట్లో గొర్రెలు అమ్మించాడు. గరిడేపల్లి నుంచి మా చిన్నమ్మ వెంట వచ్చిన మంద అది. ఆమె పుట్టింటి వాళ్లు గొర్రెల మీదే బతికిన వాళ్లు. ఇక చిన్నాయినకు బస్సు లేదు, మంద లేదు. ఈ యంత్రం తిరగకపోతే ఇద్దరూ నాట్లకూ కోతలకూ కూలికి పోవాలి. వంగని మోకాలికి నాటు పని ఎవరిస్తారు?

సూర్యాపేటలో ఆయన ఉన్న వాడకు కరెంటు లేదు. అందుకే కాలితో తొక్కే ఖరాదు. కింద ఇనుప తొక్కుడు పలక, దానికి పెద్ద చక్రం. మోకాలి సంగతి ఎలా అడగాలా అని నేను నసుగుతుంటే ఆయనే ఎగిరి ఎడమ కాలి మీద నిలబడి, కుడి కాలితో పలక తొక్కి చూపించాడు.

"నిలవడనీకె ఎడమ కాలు, తొక్కనీకె కుడి కాలు. నన్ను సూసే చేసిన్రు దీన్ని!"

బేరం ఎంతోసేపు సాగలేదు. యజమాని ధర చెప్పేలోపే చిన్నాయిన బండి మనిషిని పిలిచి ఒక కొస పట్టమన్నాడు. కొనేవాడే సరుకు ఎత్తించడం మొదలుపెట్టాక అమ్మేవాడు ఎందుకు తగ్గిస్తాడు?

అది పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు. పల్లెల్లో ఇంకా తుపాకులు సద్దుమణగలేదు. రోడ్డు మీద పోలీసు నాకాలు, బండి బండికీ సోదా. మునగాల దాటాక ఒక నాకా దగ్గర మమ్మల్ని ఆపారు. అక్కడున్న కానిస్టేబుల్ కోస్తా వైపు నుంచి కొత్తగా వచ్చినవాడు.

"బండిలో ఏవుందయ్యా?"

"ఖరాదు" అన్నాడు చిన్నాయిన.

"ఖరీదెవడు అడిగాడు? సరుకేంటంటున్నా."

"ఖరాదే సారూ, సరుకు."

"మళ్లీ ఖరీదంటాడేంటి! నేనేవన్నా కొంటానన్నానా?"

బండి మనిషి మొహం తిప్పుకుని ఎద్దు మూపు నిమరసాగాడు. అతని భుజాలు కదులుతున్నాయి. నేను ముందుకొచ్చి "లేత్ అండీ" అన్నాను.

కానిస్టేబుల్ గోనెపట్టా ఎత్తాడు. తుప్పు చూశాడు. "ఇది లేతా? దీనికంటే మా తాత లేతగా ఉంటాడు" అన్నాడు. ఈసారి అందరం నవ్వాం. అతనూ నవ్వాడు. నవ్వుతూ మమ్మల్ని వదిలేసేవాడేమో. ఇంతలో గుడారంలోంచి హెడ్డు కానిస్టేబుల్ వచ్చాడు. ఒకసారి బండి చుట్టూ తిరిగి, లాఠీతో చక్‌ను తట్టాడు.

"లేతు మిషనిది. తుపాకీ గొట్టాలు దీని మీదే తీస్తారు. ఎవరికి తీసుకెళ్తున్నారు?"

నవ్వు అక్కడితో ఆగిపోయింది. ఆ రోజుల్లో ఆ ఒక్క మాట మనిషిని ఎక్కడిదాకా తీసుకెళ్తుందో మాకు తెలుసు. నేను చెప్పాల్సింది వరసగా చెప్పాను. స్పిండిల్ ఊగుతుంది, గొట్టం లోపల తిన్నగా తొలవలేం. బెడ్ పొడుగు చాలదు. అరిగింది కూడా. పళ్ల చక్రాలు లేవు, ఒక్క మర కోయలేం. దవడ సరైంది కాదు. కావాలంటే చూడండి అని స్కేలు పెట్టి మరీ చూపించాను. హెడ్డు వంగి చూశాడు. లాఠీ చంకలో పెట్టుకున్నాడు.

"ఒట్టి తుక్కన్నమాట" అన్నాడు.

"అవునండీ."

"తుక్కా?" అన్నాడు చిన్నాయిన.

నేను ఆయన కాలు తొక్కాను. కంగారులో ఎడమ కాలు తొక్కాను. మోకాలు పోయినప్పటి నుంచి ఆ పాదానికి స్పర్శ తక్కువ.

"ఎవనిది తుక్కు? పోరడు సదువుకున్నడు గని పని సూడలే. గీ ఖరాదు మీద కాని పని లేదు సారూ. ఇంజను షాఫ్టు తెండ్రి, తీస్త. మోటబావి ఇరుసు తెండ్రి, తీస్త. గొట్టం గుడ..."

"చిన్నాయినా!"

"...గొట్టం గుడ తీస్త!"

హెడ్డు నావైపు చూడలేదు. ఆయనవైపే చూశాడు. "అయితే పనికొచ్చే మిషనే" అన్నాడు మెల్లగా. తర్వాత ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి అడిగినవన్నీ చిన్నాయిన నిలబడే చెప్పాడు: బస్సు, మోకాలు, మిల్లు, గొర్రెలు. అబద్ధాలాడే మనిషి కాదని హెడ్డుకు తోచినట్టుంది. మమ్మల్ని పట్టుకోలేదు. కానీ ఖరాదును అలాగే వదిలేయడం కూడా ఆయనకు ఇష్టం లేదు. లాఠీతో చక్ చూపించి, "ఇది విప్పి ఇక్కడ పెట్టండి. సూర్యాపేటలో పర్మిషను రాయించుకొచ్చి పట్టుకెళ్లండి" అన్నాడు. నేనే విప్పాను. బరువుగా, నల్లగా, నూనె జిడ్డుతో ఉన్న ఆ పిడికిలిని గుడారం ముందు నీళ్ల బిందె పక్కన పెట్టి వచ్చాం.

ఆ తర్వాత దారంతా చిన్నాయిన బండి ఎక్కలేదు. ఖరాదు మీద చేయి వేసి, కాలు ఈడ్చుకుంటూ పక్కనే నడిచాడు. చాలాదూరం పోయాక, నేనేమీ అడగకుండానే, "తుక్కంటే ఊకోవాల్నా?" అన్నాడు.

"ఊరుకుంటే చక్ ఉండేది కదా చిన్నాయినా."

"ఊకుంటే తుక్కయితుండె."

పర్మిషను కోసం ఆయన తిరగని ఆఫీసు లేదు. ఒకరు ఇంకొకరి దగ్గరికి పంపేవారు. చివరికి కాగితం చేతికొచ్చి మునగాల వెళ్తే, ఆ నాకా ఎత్తేశారు. బిందె పెట్టిన చోట గుండ్రటి మచ్చ కూడా లేదని నవ్వుతూ చెప్పాడు. తర్వాతి రోజుల్లో ఎవరొచ్చి ఖరాదు చూసినా, "అసలు ముక్క సర్కారు దగ్గరున్నది" అని గొప్పగా చెప్పుకునేవాడు. కానీ ఇదంతా తర్వాతి సంగతి. ఆ రోజు మేం చక్ లేని ఖరాదుతో ఇల్లు చేరాం. దారిలో చూస్తే నడిగూడెం వైపు పొలాల్లో అప్పటికే వరి పొట్టకొచ్చింది, షావుకారు గడువు దగ్గరపడింది.

చిన్నమ్మ వాకిట్లోకి వచ్చి బండిలో ఉన్నదాని చుట్టూ తిరిగింది. అమ్మిన గొర్రెల్లో ప్రతిదాన్నీ మొహం చూసి గుర్తుపట్టే మనిషి ఆమె.

"గిదేనా?"

"గిదే" అన్నాడు చిన్నాయిన.

"నా గొర్లు నాలుగు కాళ్ల మీద నడిసి పోయినయి. ఇది నడుస్తదా?"

"తొక్కితే నడుస్తది."

"మూతి ఏది దీనికి?" చక్ ఉండాల్సిన చోటు ఖాళీగా కనిపించి అడిగింది. మేమిద్దరం చెప్పలేదు. బండి మనిషి చెప్పాడు, ఖరీదు దగ్గర్నుంచి గొట్టం దాకా, పూసగుచ్చినట్టు. ఆమె అంతా విని మొగుడి వైపు చూసి, "నీ నోటికి గుడ ఓ పర్మిషను వెట్టాలె" అని లోపలికి వెళ్లిపోయింది.

చక్ లేకుండా పని ముక్కను పట్టుకునే దారులు పుస్తకంలో కొన్ని ఉన్నాయి. యంత్రంతోపాటు వచ్చిన, చక్ చోట తగిలించే ఇనుప పళ్లేనికి తుమ్మ మొద్దు బిగించి, మొద్దులో గుంట తొలిచి, ఆ గుంటలో ఇత్తడి ముక్కను బిగువుగా దిగ్గొట్టడం ఒకటి. నేను అది చెప్పాను. చిన్నాయిన నేను చెప్పడం ముగించకముందే బండ్లు చేసే వడ్లాయన దగ్గర మొద్దు తెచ్చాడు. పాత బుష్‌లూ పగిలిన చెంబులూ కరిగించి కంచరాయన మూడు ముద్దలు పోసిచ్చాడు. ఇంకో ముద్దకు ఇంట్లో ఇత్తడి లేదు.

మొదటి ముద్దను చిన్నాయిన ఒక్కడే మొదలుపెట్టాడు. కర్రలాంటి కాలి మీద నిలబడి రెండో కాలితో తొక్కుతుంటే మనిషి మొత్తం ఊగాడు. మనిషి ఊగితే చేయి ఊగింది, చేయి ఊగితే ఉలి. నేను కొలిచి చూస్తే బుష్ కోడిగుడ్డులా వచ్చింది. "జర వంకర, అంతే" అన్నాడు. ఇంత వంకర షాఫ్టును తినేస్తుందని చెప్పాను. ఆయన దాన్ని తీసి వాకిట్లోకి విసిరేసి, రెండో ముద్ద దిగ్గొట్టి, మళ్లీ తొక్కడానికి కాలు పెట్టాడు.

"జరుగు" అంది చిన్నమ్మ. చీర కుచ్చెళ్లు పైకి దోపుకుంది.

"నువ్వా? గోడ మీదికెల్లి వాడోళ్లు సూస్తరు."

"సూడనీ. గొర్లమ్మినప్పుడు సూసిన్రు గద."

ఆమె తొక్కింది. మొదట చక్రం వెనక్కి తిరిగింది, తర్వాత ముందుకు, తర్వాత దాని దారి అది పట్టింది. చిన్నాయిన ఊగడం ఆగింది. కానీ తొందర ఆగలేదు. నాలుగు వాయిల్లో తీయాల్సిన మందం ఒకే వాయిలో తీయబోయాడు. ఉలి కరుచుకుంది. ముద్ద గుంటలోంచి లేచి, నా చెవి పక్కగా పోయి గోడకు తగిలి సొట్టపడింది.

మిగిలింది ఒక్కటి. చిన్నాయిన దాన్ని చేతిలోకి తీసుకుని, కణుపుతో కొట్టి, చెవికి ఆనించి, మొద్దులో పెట్టాడు. నేను గుంటలో పలచటి గుడ్డ చుట్టి బిగించాను.

"తొక్కు" అన్నాడు.

ఆమె తొక్కలేదు. "నువ్వు తొక్కుమంటే తొక్కి, ఆపుమంటే ఆపుడు కాదు. నేను తొక్కినట్టు నువ్వు కొయ్యి" అంది. "దీని ఎనక నువ్వు నడువాలె. గొర్ల ఎనక నడిసినట్టు. నూకితే బెదుర్తది."

ఆయన ఉలి సరిగా పట్టుకున్నాడు. చక్రం తిరిగింది. ఉలి ఆనింది. ఇత్తడి పొడి సన్నగా, పసుపులా రాలింది. మధ్యలో రెండుసార్లు ఆయన నోట "ఇగ..." అని వచ్చింది, "నడువ్" రాలేదు. ఆమె పాదం ఎంత పడితే ఆయన చేయి అంత కదిలింది. లోపలి రంధ్రానికి వచ్చేసరికి నా పని పెరిగింది. మిల్లు షాఫ్టు మీద ముందే తీసుకున్న కొలతతో సరిచూడటం, తల అడ్డంగా ఊపడం, మళ్లీ కొలవడం. ప్రతిసారీ ఆయన నా మొహం వైపు చూసేవాడు, నేను కాలిపర్స్ వైపు చూసేవాణ్ని. చివరికి తల నిలువుగా ఊపాను. చిన్నమ్మ కాలు తీసి, అక్కడే నేల మీద కూర్చుని పిక్క పిసుక్కుంది.

బుష్‌ను గుడ్డలో చుట్టుకుని మిర్యాలగూడ వెళ్లాం. హాలియా వైపు నుంచి తొలి వడ్ల బండ్లు అప్పటికే మిల్లు ముందు ఆగి ఉన్నాయి. షావుకారు బుష్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, "బెజవాడదానికి నునుపెక్కువ" అన్నాడు.

"నునుపు కాదు షావుకారూ, తిప్పి సూడు" అన్నాడు చిన్నాయిన.

పాతది తీసి కొత్తది ఎక్కించారు. చేత్తో తిప్పితే షాఫ్టు తిరిగింది. ఇంజను వేశారు. బెల్టు చప్పుడు, దుమ్ము, నూనె వాసన. చిన్నాయిన మిల్లంతా ఆ కొస నుంచి ఈ కొసకు తిరిగాడు. నేను కదల్లేదు. కొత్త బుష్ వేడెక్కితే షాఫ్టును పట్టేస్తుంది. పట్టేస్తే మిల్లు ఆగుతుంది, ఆ ఆగడంతో మా బతుకూ ఆగుతుంది. ఆమె తొక్కిన తొక్కుడు, కరిగిన చెంబులు, గరిడేపల్లి మంద, అన్నీ ఆ ఇత్తడి గొట్టంలో తిరుగుతున్నాయి.

ఒక బండి వడ్లు ఆడేదాకా నడిపి, ఇంజను ఆపించి, షావుకారు నిచ్చెన ఎక్కి బుష్ మీద అరచేయి పెట్టాడు. మిల్లు మనుషులంతా ఆ చేతినే చూశారు. ఆయన చేయి తీయలేదు. అలాగే పెట్టి, "సల్లగనే ఉన్నది" అన్నాడు.

చిన్నాయిన ఆ మాట వినడానికి అక్కడ లేడు. పక్క బుష్ దగ్గర ఇంకో నిచ్చెన వేయించుకుని, వంగని కాలు గాల్లో వేలాడుతుండగా పైకెక్కి, దాని బోల్టు విప్పుతున్నాడు.

"ఎవరు విప్పుమన్నరు నిన్ను?" అని కేకేశాడు షావుకారు.

"ఇది గుడ పోయింది. తిరిగినప్పుడు సప్పుడు ఇనవడలేదా నీకు?"

షావుకారు కిందికి దిగి తలెత్తి చూశాడు. తర్వాత నిచ్చెన జారకుండా కింద పట్టుకొమ్మని నాకు సైగ చేసి, వడ్ల బండ్ల దగ్గరికి వెళ్లిపోయాడు.

నిచ్చెన పట్టుకుని నిలబడి నేను పైకి చూశాను. ఆ షాఫ్టు మీద మార్చాల్సిన బుష్‌లు ఇంకా పదకొండు ఉన్నాయి.